అత్తమ్మ చిగుళ్లలో మందు దారం

మా అత్తమ్మ నోరు వాసన వచ్చేది. ఇంత మొరటుగా మొదలుపెట్టడం నాకూ బాగాలేదు. కానీ ఈ సంగతిని మర్యాదగా చెప్పబోయిన ప్రతిసారీ ఇందులో నేను మంచిదానిలా కనబడుతున్నాను. అందుకే ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను.

ఎనభైల చివర్లో షాద్‌నగర్ నుంచి నారాయణపేటకు కోడలిగా వచ్చాను. మా బాపు సర్కారు దవాఖానలో కట్లు కట్టే పనిలో ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే తప్ప మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. గోళ్లలో మట్టి కనబడితే కంచం ముందు నుంచి లేపేవాడు. దానికి తోడు నేను పదో తరగతి పాసయ్యాను. శుభ్రం తెలిసినదాన్ని, చదువు వచ్చినదాన్ని అని ఈ రెండూ కలిసి నా తలకెక్కాయి. అత్తగారింట్లో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు చీటీ నా చేతికే వచ్చేది. నేను దాన్ని అవసరానికి మించి కాసేపు చూసి, తల ఊపి, అప్పుడు చెప్పేదాన్ని.

మామ అప్పటికే లేడు. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, నేను. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి అత్తమ్మది. రెండోది మామ నేసినది, అది నాకు వచ్చింది. మా ఆయన సేటు దగ్గర నూలు తేవడం, నేసిన చీరలు అప్పజెప్పడం చూసుకునేవాడు. మగ్గం అంటే ఏమిటో తెలియని నన్ను గుంటలో కూర్చోబెట్టి, నా కాళ్లను తన చేతులతో తొక్కుడు పలకల మీద పెట్టి నేర్పింది అత్తమ్మే. ఒక్క చీర నేర్చుకోవడానికి ఏడు చీరల నూలు పాడు చేశాను. అయినా ఆమె గొంతు పెంచలేదు.

అడ్డపోగును అటూ ఇటూ మోసే పడవలాంటి నాడెలో నూలు చుట్టిన కండె పెట్టాక దాని పోగును నాడె పక్కన ఉండే సన్నని బెజ్జంలోంచి బయటికి తీయాలి. అందరూ నోటితోనే తీసేవాళ్లు. బెజ్జానికి పెదవులు ఆనించి ఒక్కసారి లోపలికి పీలిస్తే పోగు నాలుక మీదికి వస్తుంది. మొదటి రోజు అత్తమ్మ అలా పీల్చి చూపించి, నాడె నా చేతికిచ్చింది. నేను దాన్ని కొంగుతో తుడిచి పెదవుల దగ్గరికి తీసుకున్నాను. ఆమె చూసింది. మరుసటి రోజు నుంచి నేను సన్నని తీగను కొక్కెంలా వంచి, దానితో పోగు లాగడం మొదలుపెట్టాను. నోటితో రెప్పపాటులో అయ్యే పని నాకు తీగతో చాలాసేపు పట్టేది. అత్తమ్మ ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది.

"మా షాద్‌నగర్ పిల్ల నాడెకు ముద్దు పెట్టదమ్మ. సిగ్గు పడ్తది."

నేనూ నవ్వేదాన్ని. సిగ్గు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అత్తమ్మ పనిలో అందరూ మెచ్చుకునేది ఆమె ముడి. పడుగులో పోగు తెగితే చాలామంది మగ్గం ఆపి, వంగి, రెండు కొసలు వెతికి పట్టుకుని, తంటాలు పడి కట్టేవాళ్లు. అత్తమ్మ ఒక కొసను కింది ముందు పళ్ల మధ్య బిగబట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని రెండో కొసను దానికి మెలేసేది. అంతే, ముడి పడేది. నీళ్లు తాగినంత సేపు కూడా పట్టేది కాదు. ఆ ముడి చీర మీద వేలితో తడిమినా తెలిసేది కాదు. "గీ పండ్లు నాకు మూడో చెయ్యి" అనేది.

ఆ పళ్ల చిగుళ్లే ఆమెను మోసం చేశాయి. నేను వచ్చేటప్పటికే పొద్దున బొగ్గుపొడితో తోముకుంటే ఎర్రగా ఉమ్మేది. తర్వాత తోమకుండానే రక్తం వచ్చేది. ఒకసారి తెల్లటి పేక మీద ఎర్రటి చుక్క కనబడింది. ఆమె గబుక్కున వేలు తడి చేసి రుద్ది పోగొట్టింది. సేటుకు తెలియలేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. పక్క మగ్గంలో కూర్చుని ఆమె నా వైపు తిరిగి మాట్లాడితే నేను ఏదో పని ఉన్నట్టు పడుగు మీదికి వంగేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, మా బాపు ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మకు మాత్రం వివరంగా చెప్పాను. ముక్కు దగ్గర చెయ్యి ఊపి మరీ చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ రాతలో నాకు అన్నిటికన్నా రాయబుద్ధి కాని వాక్యం అదే.

అప్పట్లో మా ఊళ్లో చిగుళ్ల బాధకు ఒకటే వైద్యం. మందుల షాపులో రెండు రంగుల గొట్టం మాత్ర తెచ్చుకుని, దాన్ని విప్పి, లోపలి పసుపు పొడిని చిగుళ్లకు రుద్దుకోవడం. షాపు అతను కూడా మింగమని ఇచ్చేవాడా, రుద్దమని ఇచ్చేవాడా అంటే, అడిగినవాళ్ల ఇష్టం. నేను చదువుకున్నదాన్ని కాబట్టి అత్తమ్మకు ఆ మాత్రలు తెచ్చిపెట్టే పెద్దరికం నాదే అయింది. మాత్ర విప్పి పొడి ఆమె అరచేతిలో పోసేదాన్ని. ఆమె చూపుడు వేలితో రుద్దుకునేది. రెండు రోజులు రక్తం ఆగేది, మూడో రోజు మళ్లీ మామూలే. ఇలా రెండేళ్లు గడిచాయి.

తొంభైల మధ్యలో ఒకరోజు ఆమె పళ్ల మధ్య పట్టుకున్న పోగు జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. వేలు పెట్టి చూసుకుంటే కింది ముందు పళ్లు రెండు కదులుతున్నాయి. ఆ రోజు ఆమె మగ్గం మధ్యాహ్నానికే ఆగింది. మా ఆయన భయపడి, పాలమూరులో పళ్ల డాక్టరమ్మ వచ్చిందట, మంచిగా చూస్తుందట, రేపే పొండి అన్నాడు. ఆమెతో ఎవరు వెళ్లాలన్నది ఎవరూ అడగలేదు. చీటీ చదివేది నేనే కదా.

డాక్టరమ్మ నా కన్నా చిన్నదిలా ఉంది. హైదరాబాద్‌లో చదువుకుని కొత్తగా దవాఖాన పెట్టుకుంది. అత్తమ్మను కుర్చీలో పడుకోబెట్టి, సన్నని పుల్లలాంటి దాన్ని చిగురులోకి దింపి లోతు చూసింది. నన్ను దగ్గరికి పిలిచి చూడమంది. నేను చూసినట్టు నటించాను.

"పంటికీ చిగురుకూ మధ్య సంచి పడిందమ్మా. అడుగున చీము చేరింది. ముందు లోపలి దాకా శుభ్రం చేస్తాను. అసలు వైద్యం అదే. తర్వాత మందు ఆ సంచిలోనే పెడతాను."

పసుపు పొడి రుద్దుతున్నామని గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు.

"మందు దాదాపు అదే జాతి. కానీ పైన రుద్దితే ఉమ్మితో పాటు పోతుంది. మింగితే ఒళ్లంతా తిరిగి ఇక్కడికి కొంచెమే చేరుతుంది. లోపల నిలిచి రోజూ కొంచెం కొంచెం ఊరాలి."

ఆ రోజు సగం పూట శుభ్రం చేయడానికే సరిపోయింది. తర్వాత ఆమె చిన్న పొట్లం విప్పి పసుపు రంగు దారం ఒకటి తీసింది. మందు పట్టించిన దారమట. కాలేజీలో వాళ్ల పెద్ద సారు బయటి దేశం నుంచి తెప్పించినవాటిలో రెండు ఈమెకు ఇచ్చాడట. ఒకటి అప్పటికే ఇంకొకరికి పెట్టేసింది. ఇది రెండోది. దాన్ని పంటి చుట్టూ చిగురు లోపలికి మడతలు మడతలుగా దోపుతుంటే, నోరు తిమ్మిరెక్కి పడుకున్న అత్తమ్మ కళ్లు పెద్దవి చేసి ఆ దారాన్నే చూసింది. పైన జిగురుమందు చుక్కలు వేసి మూసింది డాక్టరమ్మ.

అత్తమ్మ దూది కరుచుకుని కూర్చుంటే, నన్ను పక్కకు పిలిచి చెప్పింది. పది రోజులు దారం లోపలే ఉండాలి. అక్కడ తోమకూడదు. జొన్నరొట్టె వద్దు, మెత్తటిది పెట్టాలి. "రోజూ నోరు తెరిపించి మీరే చూడండి. దారం కొస బయటికి వస్తే లాగకూడదు. చెయ్యి శుభ్రంగా కడుక్కుని వేలితో మెల్లగా లోపలికి నెట్టండి. కుదరకపోతే వెంటనే ఇక్కడికి తీసుకురండి. ఇది పట్టుకుంటే ఆ రెండు పళ్లు చాలా ఏళ్లు నిలవొచ్చు." ఇదంతా ఒక కాగితం మీద రాసి కూడా ఇచ్చింది. నేను మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

బస్సు మరికల్ దాటాక అత్తమ్మ పెదవి తిమ్మిరి వదిలింది. మొదటి మాట ఇది.

"ఇగ సూడు బిడ్డా, నా నోట్ల గూడ మగ్గం పెట్టిన్రు."

ఆమె చాలా సంతోషంగా ఉంది. ఇంటికెళ్లే దాకా కిటికీ పక్కన కూర్చుని, ఆ రెండు పళ్లు నిలిస్తే దసరా దాకా ఎన్ని చీరలు నేసి మగ్గం మీంచి దించవచ్చో చెప్తూనే ఉంది.

కాగితంలో ఉన్నవి ఆమెకు చెప్పాను. తోమొద్దన్నాను, రొట్టె తినొద్దన్నాను, పది రోజులన్నాను. కొస బయటికి వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. అది చెబితే రోజూ నోరు తెరిపించి నేను చూడాలన్నదీ చెప్పాలి. చూడాలంటే దగ్గరికి వెళ్లాలి. "అద్దంల నువ్వే చూసుకో అత్తమ్మా" అన్నాను. ఆమెకు దగ్గరి చూపు ఆనదని నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించేది నేనే.

ఐదు రోజులు ఆమె చిన్నపిల్లలా మాట విన్నది. జావ తాగింది. మెత్తగా పిసికిన అన్నం తిన్నది. పోగు తెగితే పళ్లతో పట్టకుండా నన్ను పిలిచింది. ఆరో రోజు పొద్దున నేను ఒక చీర కొంగు నేస్తున్నాను. సాయంత్రానికి దించాలి, మా ఆయన రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. అత్తమ్మ తన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. పెదవి కిందికి లాగి పట్టుకుంది.

"బిడ్డా, జర సూడు. పోగు కొస లేసినట్టున్నది. నాలుకకు తాకుతాంది."

తోమని నోరు, లోపలి మందు, రెండూ కలిసిన వాసన ఒక్కసారిగా నా మొహానికి కొట్టింది. నేను మొహం తిప్పేసుకున్నాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను కూడా. నాడె ఆపలేదు.

"లేస్తే ఏమున్నది, పీకెయ్ అత్తమ్మా" అన్నాను.

మరిచిపోయి అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. డాక్టరమ్మ మాట ఆ క్షణంలో నాకు స్పష్టంగా గుర్తుంది. వేలితో లోపలికి నెట్టాలి. ఆ వేలు నాది కావాలి. అందుకే పీకెయ్ అన్నాను.

నేతపని చేసేవాళ్లకు వేలాడే పోగును పీకెయ్ అని చెప్పనే అక్కర్లేదు. లేచిన కొస కనబడితే తుంచడమో లాగడమో చెయ్యి తనంతట తాను చేసేస్తుంది. ఆమె ఆరు రోజులుగా ఆ చేతిని ఆపుకుంది. నేను ఆ మాట అనగానే రెండు గోళ్లతో పట్టుకుని లాగింది. జిగురు పెళుసుగా ఊడింది, దారం మడత మీద మడత విప్పుకుంటూ వచ్చింది. జానెడు పైనే ఉంది. అత్తమ్మ దాన్ని వేళ్ల మధ్య సాగదీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"నూలు గాదు, పట్టు గాదు. గిది ఎవరు వడుకుతరో" అని నవ్వింది.

అప్పుడు నాకు భయం వేసింది. ఆ వెంటనే పాలమూరు బస్సెక్కించి ఉంటే డాక్టరమ్మ ఏదైనా చేసేదేమో. కానీ వెళ్తే ఎందుకు వచ్చారో చెప్పాలి. కొంగు పూర్తి చేశాను. చీర సాయంత్రానికే దించాను.

చెప్పిన రోజుకే వెళ్లాం. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి ఆగిపోయింది.

"దారం ఏది? ఎవరు తీశారు?"

అత్తమ్మ నోరు తెరిచే ఉంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీకు కాగితం మీద రాసిచ్చాను కదా. మీరు చూడలేదా?"

"నాకు తెల్వదు మేడం. నాకు చూపియ్యలే" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ తెలియదు. కోడలి మీద అత్తలు వేసే అబద్ధపు నిందల గురించి మేం బావి దగ్గర ఎంత చెప్పుకునేవాళ్లం. నేను అత్త మీద వేశాను, ఆమె ఎదురుగానే వేశాను. అత్తమ్మ కుర్చీలో పడుకునే తల కొంచెం తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత డాక్టరమ్మతో చెప్పింది.

"అవు డాక్టరమ్మ. పిల్లకు చూపియ్యలే. నేనే పీకిన. పోగు ఏలాడితె మా చేతులు ఊకుండవు."

డాక్టరమ్మకు కోపం వచ్చింది, ఆపుకుంది. ఆమె దగ్గర ఇంకో దారం లేదు. మళ్లీ శుభ్రం చేసి, పుక్కిలించే మందు ఇచ్చి, సారుకు రాసి ఇంకొకటి తెప్పిస్తానంది. వచ్చేటప్పుడు తలుపు దగ్గర నాతో, "దారం ఉన్నా ఆ పళ్లు కచ్చితంగా నిలిచేవని నేను చెప్పలేనమ్మా. బాగా ఆలస్యంగా వచ్చారు" అన్నది. నన్ను ఓదార్చాలని అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. నేను మాత్రం ఆ మాటను ఎన్నో ఏళ్లు మెడలో తాయెత్తులా కట్టుకుని తిరిగాను.

ఇంకో దారం రాలేదు. వానాకాలం వెళ్లేలోపు రెండు పళ్లూ తీసేయించాల్సి వచ్చింది. అత్తమ్మ మొదట్లో పెదవులతో పోగు పట్టే ప్రయత్నం చేసింది. తడికి జారేది. పక్క పళ్లతో పట్టబోతే మెడ వంకర తిప్పాలి, కళ్లు అందవు. చివరికి అందరిలా మగ్గం ఆపి, వంగి, వెతుక్కుని కట్టడం మొదలుపెట్టింది. ఆమె ముడి చీర మీద వేలికి తెలియడం మొదలైంది. సేటు ఒక చీర వాపసు పంపాడు. ఆమె నేసిన చీర వాపసు రావడం మా ఆయన పుట్టాక అదే మొదటిసారట. ఆ సాయంత్రం ఆమె ఆ చీరను ఒళ్లో పెట్టుకుని తన ముళ్లను తానే ఒక్కొక్కటి తడుముకుంటూ కూర్చుంది. ఎవరైనా అడిగితే, "నా పిచ్చి పనే. డాక్టరమ్మ మంచిగ మందు దారం పెడితె పీకి పారేసిన" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

నేను ఆమెకు సేవలు చేయడం మొదలుపెట్టాను. అన్నం పిసికి పెట్టాను, కాళ్లు పట్టాను, ఆమె మగ్గంలో పోగు తెగితే నా మగ్గం ఆపి పరుగెత్తాను. నాడె నోటితోనే పీల్చడం నేర్చుకున్నాను, ఆమె నాడె కూడా. ఊళ్లో అందరూ నన్ను పొగిడారు. అలాంటి కోడలు దొరకదన్నారు. ఆ పొగడ్తలు వింటుంటే ఒళ్లంతా మంట పుట్టేది. కానీ కాదని ఒక్కరితోనూ అనలేదు.

చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ రోజు పాత పడుగు చివరికి కొత్త పడుగు అతుకుతున్నాం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, వేల పోగులను ఒకదానికొకటి మెలేస్తూ పోవాలి. రోజంతా పట్టే పని, లేవడానికి వీలుండదు. అందుకే ఆ రోజు ఎంచుకున్నానేమో. తల వంచుకునే మొత్తం చెప్పాను. కాగితంలో ఏముందో, నాకు ఏది గుర్తుందో, డాక్టరమ్మ ముందు ఎందుకు అబద్ధమాడానో అన్నీ చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆమె పని ఆగలేదు.

"గా పోగు సంగతి ఇడ్సిపెట్టు బిడ్డా. నువ్వు చెప్పకున్న ఏడో దినమో ఎనిమిదో దినమో నేనే పీకుదు."

నా గుండె కొంచెం తేలికపడింది. ఆమె ఇంకా చెప్తోంది.

"మీ మామకు గూడ ఎన్నడు నోరు తెరిసి చూపియ్యలే. వాసనొస్తదని నాకు ఎర్కలేదా. నీకే చూపిచ్చిన. కూతురు లేదు గద నాకు. నువ్వు ముక్కుకు కొంగు పెట్టుకున్నవ్. గదొక్కటి యాదికొస్తది."

తల ఎత్తి ఆమెను చూశాను. అప్పుడు గమనించాను, ఇదంతా చెప్తున్నంతసేపూ ఆమె ఎడమచేత్తో కొంగును నోటికి అడ్డం పట్టుకుని, ఒక్క కుడిచేత్తోనే పోగులు మెలేస్తోంది. పళ్లు పోయాయని సిగ్గుపడుతోందనుకుని నేను అన్నేళ్లూ ఆ కొంగును పట్టించుకోలేదు. ఇంతలో పక్కింటామె నిప్పు కోసం గడపలోకి వచ్చి ఏదో అడిగింది. అత్తమ్మ కొంగు వదిలేసి, నోరారా నవ్వుతూ ఆమెకు జవాబు చెప్పింది. ఆమె వెళ్లిపోగానే నా వైపు తిరిగి, మళ్లీ కొంగు నోటికి పెట్టుకుంది.